మింగనిచ్చి లాగు

"బెండు మునిగింది కదా అని ఎగరకురా. ముందు ముట్టి చూస్తుంది. తరవాత నోట కరుచుకుంటుంది. మింగాక కర్రే నీ చేతికి చెప్తుంది. మింగనిచ్చి లాగు."

ఉప్పుటేరు గట్టు మీద మా చిన్న మావయ్య ఈ మాట చెప్పేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. కొల్లేరు నీళ్ళు సముద్రానికి పోయే దారి ఆ ఏరు. మావయ్యకి వ్యవసాయం రెండెకరాలు, చేపల పిచ్చి ఇరవై ఎకరాలు అనేది మా అమ్మమ్మ. కొర్రమీనుకి చిన్న కప్పను గుచ్చేవాడు. కొర్రమీను కప్పను ముందు అడ్డంగా పట్టుకుంటుందనీ, ఓ పక్కకి తీసుకుపోయి తల వైపు నుంచి తిప్పుకుని అప్పుడు మింగుతుందనీ, ఆ తిప్పుకునే లోపు లాగితే కప్ప ఒక్కటే వెనక్కొస్తుందనీ చెప్పేవాడు. "బెండు మునిగాక నీ పేరు ఇంటిపేరుతో సహా పదిసార్లు అనుకో, అప్పుడు లాగు" అనేవాడు. తొందరపడినప్పుడల్లా నాకు ఒట్టి గాలం వచ్చేది, ఆగినప్పుడల్లా చేప వచ్చేది. అంత కచ్చితంగా పనిచేసిన సలహా నాకు తరవాత చదువులోగానీ ఉద్యోగంలోగానీ ఇంకోటి దొరకలేదు.

ముప్పయ్యేళ్ళ తరవాత ఇంగ్లండులో ఆ సలహా పట్టుకునే ఒక చేప ప్రాణం తీశాను. తిందామని తీయలేదు. తీద్దామనీ తీయలేదు.

నేనుండేది నార్ఫోక్‌లో, నారిచ్ అనే ఊళ్ళో. (రాయడం నార్విచ్ అనే రాస్తారు. నేను రాసినట్టే పలికి ఆరు నెలలు ఆఫీసులో అందరికీ కాలక్షేపం అయ్యాను.) ఊరికి తూర్పున సముద్రం దాకా నేల పళ్ళెంలా చదును. బ్యూర్, యాంట్, థర్న్, యేర్, వేవ్నీ అని చిన్న చిన్న నదులు రెల్లు మధ్యనుంచి ఏ తొందరా లేకుండా నడుస్తాయి, ఒకదాంట్లో ఒకటి కలుస్తూ గ్రేట్ యార్మత్ దగ్గర సముద్రం చేరతాయి. వీటి పక్కనే, సన్నటి కాలవలతో అతుక్కుని, డజన్ల కొద్దీ చెరువులు. బ్రాడ్స్ అంటారు. మధ్యయుగాల్లో జనం పొయ్యిలోకి పీట్ మట్టి తవ్వుకుపోగా మిగిలిన గుంటలవి. సముద్రమట్టం పెరిగి నీళ్ళు నిండాయి. దేవుడు పెట్టిన సరస్సులనే అందరూ అనుకునేవారు. 1950లలో జాయిస్ లాంబర్ట్ అనే వృక్షశాస్త్రవేత్త అడుగుమట్టి నమూనాలు తీసి, కింద పారతో కోసినట్టున్న నిట్టనిలువు గోడల్ని చూపించాకగానీ మనుషులు తవ్వినవంటే నమ్మలేదు.

చేపకి నదికీ చెరువుకీ తేడా లేదు. ఎండాకాలం చెరువుల్లో మేస్తుంది. చలికాలం రోచ్ అనే వెండి చేపలు పడవల రేవుల్లోకి గుంపులు గుంపులుగా వచ్చి చేరతాయి, వాటి వెనకాలే వేటచేప పైక్. సముద్రం పోటెక్కి ఉప్పునీరు నదిలోకి ఎగదన్నితే అన్నీ కలిసి ఎగువకి పరుగు. ఎగదన్నే ఉప్పునీరు, ఏటితో అతుక్కున్న చెరువు, నాచు వాసన. మొదటిసారి థర్న్ నది గట్టు మీద నిలబడ్డప్పుడు నాకు కళ్ళు చెమర్చాయంటే అతిశయోక్తి కాదు. ఊరు గుర్తొచ్చింది కనక ఊరి విద్య ఇక్కడా చెల్లుతుందని అప్పుడే ఖాయం చేసేసుకున్నాను. ఎవర్నీ అడగలేదు.

సాల్మన్, ట్రౌట్ జాతి చేపలు పోగా మిగిలిన మంచినీటి చేపల్ని ఇక్కడ 'కోర్స్ ఫిష్' అంటారు, ముతక చేపలన్నమాట. సాల్మన్, ట్రౌట్ ఒకప్పుడు ఎస్టేటు దొరల వేట, మిగిలింది కూలీనాలీ జనానిది. రోచ్, బ్రీమ్, టెంచ్, పెర్చ్, పైక్. వీటిని పట్టుకుంటారు, మురిసిపోతారు, తూచుకుంటారు, ఫోటో తీసుకుంటారు, నీళ్ళలో వదిలేస్తారు. ఈ ఆఖరి ముక్క మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. పెళ్ళికెళ్ళి భోజనం చెయ్యకుండా రావడం లాంటిదనిపించింది.

మొదటి వేసవిలో లైసెన్సు కొన్నాను. మూడో ఆదివారం నాకు బ్రీమ్ పడింది. మన చందువా అంత పల్చగా, వెడల్పుగా, కంచు రంగులో, కిలో ఉంటుంది. ఒళ్ళంతా జిగురు. చేతులకంటుతోందని తువ్వాలు పెట్టి శుభ్రంగా తుడిచాను కూడా. చేపకి ఆ జిగురే కవచమనీ, అది పోతే ఒంటికి రోగాలు పట్టుకుంటాయనీ, అందుకే తడిచేత్తో తప్ప ముట్టుకోకూడదనీ తరవాత తెలిసింది. అప్పటికి ఆ చేపకి ఏ రోగమొచ్చినా ఒకటే, ఎందుకంటే దాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి ఇంటికి తీసుకెళ్ళాను. చింతపండు పులుసు పెట్టాం. బురద వాసన, గుప్పెడు ముళ్ళు. మా ఆవిడ రెండు ముద్దలు తిని, ముళ్ళు ఏరి పళ్ళెం అంచున వరసగా పేర్చి, "ఇంకొంచెం ఆవకాయ వెయ్యనా?" అంది. అంతకన్నా పెద్ద విమర్శ ఉండదు.

ఆ రాత్రి కూర్చుని నిబంధనలు చదివాను. ఇంగ్లండు నదుల్లో ముతక చేపల్ని ఇంటికి తీసుకెళ్ళాలంటే 20 సెంటీమీటర్లు దాటకూడదు, అవైనా రోజుకి పదిహేను. పైక్ అయితే రోజుకొకటి, 65 సెంటీమీటర్ల లోపుది. పైగా ఆ నీళ్ళ యజమాని ఒప్పుకోవాలి. అంతకన్నా పెద్దవన్నీ వెనక్కి వెళ్ళాల్సిందే. మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నదుల మీదా బ్రాడ్స్ మీదా ముతక చేపల వేటే లేదు. లైసెన్సు కొన్నరోజే చదవాల్సినవి ఇవన్నీ. మనకి అలవాటేగా, రసీదు జేబులో పెట్టుకుంటే చదివేసినట్టే.

గట్టు మీద నాకు పరిచయమైన పెద్దాయన ఒకరున్నారు. పడవలు కట్టే మేస్త్రీగా పనిచేసి మానేశారు. నార్ఫోక్ పాతకాలం మనుషులు ఎదుటివాణ్ణి 'బోర్' అని పిలుస్తారు, మా వైపు 'అబ్బాయ్' అన్నట్టే ఉంటుంది. ఆయన నన్ను మొదటిసారి బోర్ అన్నరోజే నా అగ్గిపెట్టె కూడా చూశారు. అందులో ఊర్నుంచి తెచ్చుకున్న సీసపు గుళ్ళున్నాయి, తంగూసుకి కట్టడానికి. ఆయన పెట్టె మూసి నా జేబులో పెట్టి, "దీన్ని బయటికి తియ్యకు" అన్నారు. రాలిపడ్డ గుళ్ళని హంసలు గులకరాళ్ళనుకుని మింగి చచ్చిపోతుంటే 1987లో ఆ చిన్న సైజు సీసాన్ని ఆపేశారట. అప్పట్నుంచీ టంగ్‌స్టన్ గుళ్ళో, ఇంకోటో. ఆయన దేన్నీ ఒకటికి రెండుసార్లు చెప్పేవారు కాదు. నాకు రెండుసార్లు చెప్తేగానీ తలకెక్కదు.

రెండో చలికాలానికి నాకు పైక్ పిచ్చి పట్టింది. మొసలి మూతి, పచ్చటి ఒంటి మీద పసుప్పచ్చ చుక్కలు, రెల్లులో కర్రముక్కలా కదలకుండా కాపేసి ఒక్క ఉదుటున మీద పడడం. అచ్చం మన కొర్రమీనే, కాకపోతే బారెడు. ఈ నీళ్ళకి పైక్ విషయంలో పెద్ద పేరుంది. హార్సీ మియర్‌లో 1967లో నలభై పౌండ్ల పైక్ పడితే దేశమంతా చెప్పుకున్నారు. నేను దుకాణానికెళ్ళి పెద్ద కర్ర, రీలు, చేప తగిలితే కూత పెట్టే అలారం, వాన పడితే తడవని కుర్చీ, పైక్ పళ్ళకి తెగని తీగ, మూడు కొక్కేల గాలాలు, అన్నీ కొన్నాను. ఎర సముద్రపు కవళ్ళు. ఊళ్ళో వేపుడు చేసుకునేవాటిని ఇక్కడ పైక్‌కి మేపడం కొంచెం బాధగానే ఉండేది.

"బెండు కదలగానే లాగు. ఆగొద్దు" అన్నారు పెద్దాయన. అలాగే చేశాను. డిసెంబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి బెండు కదలగానే లాగితే రెండుసార్లూ నలిగిపోయిన కవళ్ళే వచ్చాయి. వీళ్ళకి ఓపిక లేదు అనుకున్నాను. ఈ చేప కూడా ఎరను అడ్డంగా పట్టుకుని, తిప్పుకుని తల వైపు నుంచే మింగుతుందని పుస్తకాల్లో ఉంది. అంటే మావయ్య చెప్పింది చెప్పినట్టు సరిపోయింది! చదువుకున్నవాడికి తను నమ్మిందానికి ఆధారం దొరికితే ఇంకెవరి మాటా చెవికెక్కదు.

మార్చి మొదటి వారం. సీజను ముగియడానికి ఇంకా పది రోజులుంది. గడ్డి మీద మంచు పేరుకుని అడుగేస్తే అప్పడంలా పెళపెళమంటోంది. పెద్దాయన నాకు ఓ వంద గజాల దూరంలో కూర్చున్నారు. తొమ్మిదింటికి నా బెండు చిన్నగా వణికింది, ఆగింది, నిలబడ్డచోటు నుంచి రెల్లువైపు నడవడం మొదలెట్టింది. కర్ర చేతిలోకి తీసుకోలేదు. ఫ్లాస్కులోంచి టీ వంచుకున్నాను. బెండు మునిగింది. నా పేరు ఇంటిపేరుతో సహా పదిసార్లు అనుకున్నాను. డిసెంబరు గుర్తొచ్చి ఇంకో పది. అప్పుడు లాగాను.

పది నిమిషాల పైన పట్టింది. వలగిన్నెలోకి వచ్చాక దాని పొడవు చూసి అరిచాను కూడా. పద్నాలుగు పౌండ్లు, మన లెక్కలో ఆరు కిలోల పైమాట. పొట్ట నిండుగా ఉంది. ఇక్కడ పైక్‌లు గుడ్లు పెట్టే కాలం అదే. పెద్ద పైక్ అంటే ఆడదే.

నోరు తెరిచి చూస్తే గాలం కనపడలేదు. తీగ ఒక్కటే నాలుక మీదుగా లోపలికి వెళ్ళిపోయింది. పైక్ నోట్లో అంగిట్లో కూడా వందలకొద్దీ సన్నటి పళ్ళుంటాయి. అన్నీ గొంతువైపు వాలి ఉంటాయి కాబట్టి వేలు లోపలికి వెళ్తుందిగానీ బయటికి రాదు. నేను వేలు పెట్టాను. నెత్తురు నాదో దానిదో తెలియలేదు. తీగను లాగితే లోపల ఎక్కడో పేగు కదిలినట్టు చేప ఒళ్ళంతా ముడుచుకుంది. అది మంచు గడ్డి మీద పొర్లుతోంది. కింద పరవడానికి మెత్తటి పరుపు నా దగ్గర లేదు. పొడుగాటి పటకా లేదు. తీగ కత్తిరించే కటింగ్ ప్లేయర్ లేదు. గాలం ముల్లు నొక్కెయ్యాలన్న ఆలోచనే లేదు. అంతా కలిపి నా కుర్చీ ఖరీదులో పావు వంతు ఉండదు. పట్టడానికి కావలసినవన్నీ కొన్నవాణ్ణి, వదలడానికి కావలసింది ఒక్కటీ కొనలేదు.

నా అరుపు విని పెద్దాయన వచ్చారు. ఏమీ అనకుండా తన పరుపు తడిపి పరిచి, చేపను వెల్లకిలా తిప్పి, దానికి అటూ ఇటూ మోకాళ్ళేసి కూర్చున్నారు. దవడ కింద మొప్ప మూత అంచులోంచి రెండు వేళ్ళు పోనిచ్చి పైకెత్తితే నోరు దానంతటదే తెరుచుకుంది. మొప్పలు తాకకుండా ఆ సందులోంచి జానెడు పటకా దూర్చి మొదటి గాలాన్ని తలకిందులు చేసి ఊడదీశారు. ఎర్రటి మొప్పల మధ్యనుంచి నెత్తురు బొట్లు బొట్లుగా వస్తోంది. రెండో గాలం అందలేదు. వీలైనంత లోపలికి పటకా పెట్టి తీగ కత్తిరించారు. ఇదంతా రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అదే పని మీద నేను అప్పటికే అయిదు నిమిషాలు పాడుచేశాను.

నీళ్ళలో దాన్ని నిటారుగా పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. చేతులు కొయ్యబారిపోయాయి. రెక్కలు కొంచెం ఆడాయి, మొప్పలు తెరుచుకుని మూసుకున్నాయి. చాలాసేపటికి తోక ఊపి లోపలికి దిగింది. "పోయింది, బతికింది" అన్నాను. ఆయన నీళ్ళవైపే చూస్తున్నారు.

"ఎంతసేపు ఆగావు?"

చెప్పాను.

"ఎందుకు?"

"మింగాలని."

"సరే, మింగింది. మింగాక ఏం చేద్దామనుకున్నావ్?"

నా దగ్గర జవాబు లేదు. నిజంగా లేదు. గాలం లోపలికి వెళ్ళేదాకా ఆలోచించాను, అది బయటికెలా రావాలన్నది నా బుర్రలో ఏ మూలా లేదు. మా ఏటి గట్టు మీద ఆ ప్రశ్నే పుట్టదు. అక్కడ గాలాన్ని ఇంటి దగ్గర కత్తిపీట తీస్తుంది.

ఓ గంట తరవాత రెల్లు అంచున తెల్లగా తేలింది. పొట్ట పైకి. పెద్దాయన తన కుర్చీ నా పక్కకి తెచ్చుకుని, 1969లో తను కుర్రాడిగా ఉన్నప్పుడు ఈ థర్న్ పైభాగమంతా అలాగే తెల్లబడిందని చెప్పారు. ప్రిమ్నీసియం అనే నాచు పెరిగి నీళ్ళలో విషం విడిచిందట, హిక్లింగ్, హార్సీల్లో చేపలు కుప్పలుగా చచ్చిపోయాయట. ఇక్కడి పైక్ మళ్ళీ నిలదొక్కుకోవడానికి ఎన్నో ఏళ్ళు పట్టిందట. నన్ను తిట్టడానికి చెప్పారని అనుకోను. ఒక పైక్ చచ్చిపోతే ఆయనకి గుర్తొచ్చేది అది. అన్ని పళ్ళున్న చేప ఇంత సుకుమారమని ఎవరూ నమ్మరనీ, ఎండాకాలం నీళ్ళు వేడెక్కినప్పుడు పట్టి వదిలినా చచ్చిపోతుందనీ, అందుకే తను అక్టోబరు దాకా పైక్ జోలికి పోననీ అన్నారు.

నాకు ఇంకో బాధ ఉంది, అది ఆయనకి చెప్పలేదు. 65 సెంటీమీటర్లు ఎప్పుడో దాటిన చేప అది, ఇంటికి తీసుకెళ్ళకూడదు. మా ఇంట్లో చేప ఊరికే పోవడమన్నది నేనెప్పుడూ చూడలేదు. తల పులుసుకి, ముక్కలు వేపుడికి, గుడ్లు విడిగా ఇగురుకి, పొలుసు, పేగులు కొబ్బరిచెట్టు మొదట్లోకి. ఆరు కిలోల చేపను, కడుపుతో ఉన్నదాన్ని, నీటికుక్కలకి వదిలేసి చేతులు కడుక్కుని కారెక్కాను.

కొన్నాళ్ళు నా మీద కోపం మావయ్య మీదకి మళ్ళింది. మన పద్ధతి మోటు, వీళ్ళది నాగరికం అని తేల్చేసుకుంటే నాకు సుఖంగా ఉండేది. అదీ కుదరలేదు. వీళ్ళ పాత పుస్తకాలు తిరగేస్తే, 1653లో వచ్చిన ఐజాక్ వాల్టన్ 'ది కంప్లీట్ యాంగ్లర్' దగ్గర్నుంచీ, పైక్‌కి మింగే సమయం ఇవ్వమనే ఉంది. మింగించి పట్టడానికే ప్రత్యేకంగా గాలాలు చేసుకునేవారు. పట్టిన పైక్ వంటింటికి వెళ్ళేది, మరీ పెద్దదైతే గడ్డి కూరి గాజుపెట్టెలో పెట్టి పబ్బు గోడకి తగిలించేవారు. తరవాత తరవాత ఆ గాలాలు మూలపడ్డాయి. వాళ్ళ మావయ్యలూ మా మావయ్య మాటే చెప్పారు.

చివరికి ఉండబట్టలేక ఓ ఆదివారం మావయ్యకి వీడియో కాల్ చేశాను. డెబ్బై దాటాయి. మోకాళ్ళ నొప్పులతో గట్టు దిగలేకపోతున్నాడు.

"ఎంతుందిరా?"

"ఆరు కిలోలు దాటింది మావయ్యా."

"అబ్బో! ఏం వండింది అమ్మాయి?"

"వండలేదు. ఇక్కడ పెద్దవాటిని వదిలెయ్యాలి. వదిలినా బతకలేదు. గాలం మింగేసింది."

కాసేపు నా మొహం కేసి చూశాడు. "వదిలేసేదాన్ని మింగనివ్వడం ఏంట్రా? నేను చెప్పింది కూరలోకొచ్చే చేపకి."

అంతే. నాకు రెండేళ్ళు పట్టిన విషయం ఆయన ఫోన్లో అరనిమిషంలో చెప్పేశాడు, ఆ నీళ్ళు చూడకుండా, ఆ చేపను చూడకుండా. తన మాట ఎక్కడిదాకా చెల్లుతుందో ఆయనకి తెలుసు. నేర్చుకున్నవాడికే తెలియలేదు.

నేను ఊపిరి పీల్చుకునే లోపే ఇంకోటి అడిగాడు. "అయినా ఏరా, తినకుండా వదిలేసేటప్పుడు అసలు పట్టుకోవడం ఎందుకు? ఆకలేస్తే పట్టుకుంటాం. దాని మూతికి గాలం గుచ్చి, ఫోటో తీసుకుని, పో అంటే దానికేం ఒరిగింది?" దీనికి ఇక్కడివాళ్ళు చెప్పే జవాబులున్నాయి. నీళ్ళు చెడితే ముందు కనిపెట్టేదీ, గోల చేసేదీ గాలం వేసేవాళ్ళేననీ, నది మీద మమకారం నది దగ్గర కూర్చుంటేనే వస్తుందనీ. అవి అబద్ధాలు కావు. మావయ్యకి చెప్పబోతే నా నోట్లో అవి కిరాయి మాటల్లా ఉన్నాయి. "అలవాటు మావయ్యా" అన్నాను. "అది చెప్పు" అని నవ్వాడు.

ఇప్పుడు నా సంచిలో అన్నిటికన్నా పైన పటకా ఉంటుంది, దాని కింద కటింగ్ ప్లేయర్, పరుపు. గాలం ముళ్ళన్నీ ఇంటి దగ్గరే నొక్కేసి తీసుకెళ్తాను. అలారం అమ్మేశాను, కర్ర వదిలి కదలను. మొన్న నవంబరులో మా అబ్బాయి వెంటొచ్చాడు. పదకొండేళ్ళు, పదమూడు దాకా వాడికి లైసెన్సు అక్కర్లేదు. బెండు వణికి, రెండడుగులు పక్కకి జరిగింది. లాగాను. కర్ర ఒక్కసారి బరువెక్కి, ఖాళీ అయిపోయింది. రీలు చుడితే కవళ్ళు వచ్చాయి, ఒంటికి రెండువైపులా సూదితో కుట్టినట్టు వరసగా గాట్లు.

"తొందరపడ్డావు నాన్నా" అన్నాడు.

"ఊఁ" అన్నాను.

"పెద్దదే అయ్యుంటుంది. చూడు గాట్ల మధ్య ఎంత ఎడముందో." జానతో కొలుస్తున్నాడు. "ఇంకొంచెం ఆగి ఉంటే పడేది కదా?"

పడేదే. వాడి చేతిలోంచి ఆ కవళ్ళు తీసుకుని, సంచిలోంచి ఇంకోటి తియ్యమన్నాను.